లోపలి మోకు

కంప్యూటర్లో తమ్ముడి మొహం కనపడగానే ఆంజనేయులుకి కడుపులో మంట మొదలైంది. పచ్చిమిరపకాయ కొరికి, నీళ్ళకోసం చూస్తే కడవ ఖాళీగా ఉన్నప్పటి మంట.

కంప్యూటరు తమ్ముడి కూతురు సుప్రజది. హైదరాబాదులో వీడియో గేములకు బొమ్మలు చెయ్యడం మీద పీజీ చదువుతోంది. బీటెక్ అయ్యాక మళ్ళీ రెండేళ్ళు ఆటల చదువేందని ఊళ్ళో నవ్వినవాళ్ళలో ఆంజనేయులే ముందు. ఆ పిల్ల ఇప్పుడు ఆఖరి ప్రాజెక్టుగా, శివరాత్రికి తమ ఊరి నుంచి కోటప్పకొండకు పొయ్యే ప్రభనే ఆటగా చేసి పట్టుకొచ్చింది. గోపురంలా ఎనభై అడుగుల ఎత్తు లేచే ప్రభ. టేకు దూలాలు, వెదుళ్ళు, రంగు గుడ్డలు, లైట్లు, ఏదీ వదల్లేదు. ఆడేవాడు దాన్ని కట్టుకోవాలి, ట్రాక్టరు ట్రక్కు మీద నిలబెట్టుకోవాలి, పడకుండా కొండ దాకా తీసుకుపోవాలి. ఆట మొదట్లో ఒక మేస్త్రీ ఎదురొచ్చి ఎట్టా కట్టాలో చెబుతాడు.

ఆ మేస్త్రీకి వాళ్ళ నాన్న రవి కుమార్ మొహం పెట్టింది.

రవి కుమార్! మండలాఫీసులో ఫ్యాను కింద కూర్చునే రవి కుమార్. ప్రభ కట్టేవాళ్ళకు టీలు మోసిన రవి కుమార్. మరి ముప్పై శివరాత్రులు ప్రభ కట్టింది ఎవడు? ఏడో తరగతిలో లెక్కల అయ్యవారి బెత్తానికి దడిసి, బడి గోడ దూకి, నేరుగా ప్రభ కట్టే చోటుకొచ్చి పడింది ఎవడు? గోడ దూకినందుకు ఆంజనేయులు ఎప్పుడూ ఏడవలేదు. ఏడ్చిందంతా తమ్ముడి ఇస్త్రీ చొక్కా చూసి. అదీ బయటికి కాదు.

"ఎట్టుంది పెదనాన్నా?" అంది సుప్రజ.

"మీ నాయన బాగున్నాడు. అసలోడి కంటే తెల్లగా ఉన్నాడు."

ప్రభకు లైట్లు కట్టే నాగూర్ వలి, ఆట చూద్దామని వచ్చినవాడు, కిసుక్కున నవ్వాడు. "మేస్త్రీకి ఏసీ పెట్టించారన్నా. మనకు గొడుగన్నా పట్టలా."

రవి కుమార్ సిగ్గుపడుతూ కాలరు సర్దుకున్నాడు. ఆ సిగ్గు చూసి ఆంజనేయులుకి ఇంకో రెండు మిరపకాయలు నమిలినట్టయింది.

సుప్రజ ఆట నడిపింది. తిన్నటి రోడ్డు మీద ప్రభ దర్జాగా పోయింది. మొదటి మలుపు రాగానే ఒక పక్కకు ఒరిగి, ట్రాక్టరును గూడా లాక్కుని దబ్బున పడింది.

"నెల నుంచి ఇదే వరస పెదనాన్నా. బరువు మార్చా, గాలి తగ్గించా. మలుపు దగ్గర మటుకు పడిపోద్ది. బుధవారం మా సార్లు చూస్తారు. నిలబడకపోతే నా రెండేళ్ళ చదువూ దాంతోపాటు పడ్డట్టే. నువ్వే చెప్పాల."

ఆంజనేయులు ఒక్క చూపులో కనిపెట్టాడు. ప్రభను పట్టి ఉంచే నాలుగు మోకుల కొసలూ ట్రక్కుకే కట్టేసి ఉన్నాయి. ఫోటోలు చూసి చేస్తే అట్టానే ఉంటుంది. ఆ కొసలు నడిచే మనుషుల చేతుల్లో ఉండాలి. చక్రం తిరక్కముందే మలుపుకు లోపలివైపు వాళ్ళు మోకు బిగించాలి, బయటివైపు వాళ్ళు వదలాలి. ఒక్క మాటతో సరిపొయ్యేదే గానీ, ఆయన ఆ మాటను నాలుక కిందే ఉంచుకున్నాడు.

"నన్నడుగుతావేందమ్మా? మేస్త్రీ అందులోనే ఉన్నాడుగా. మీ నాయన్నడుగు."

అందరూ రవి కుమార్ వైపు తిరిగారు. "మోకులు ఇంకాస్త బిగించి చూడమ్మా," అన్నాడతను, ఫైలు మీద సంతకం పెట్టినంత తేలిగ్గా. సుప్రజ బిగించింది. ఈసారి ప్రభ మలుపు దాకా గూడా రాలేదు. నడుం దగ్గర ఫటుక్కున విరిగింది. నాగూర్ వలి చప్పట్లు కొట్టాడు. ఆంజనేయులుకి చల్లమజ్జిగ తాగినంత హాయిగా ఉంది.

ఆ హాయి ఆయన భార్య సరస్వతమ్మ కంట పడింది. "తెలిసీ చెప్పవేందయ్యా? ఆ పిల్ల ఉసురు నీకెందుకు?"

"నాకేం తెలుసే? తెలిసినోళ్ళ మొహం అందులో పెట్టారుగా."

సుప్రజ తలెత్తింది. "అదా నీ బాధ? పోయిన ఎండాకాలం ముందు నిన్నే అడిగాగా! మొహం చుట్టూ తిరిగి ఎనభై ఫోటోలు తియ్యాల, కదలకుండా కూర్చో అంటే ఏమన్నావు?"

జవాబు సరస్వతమ్మ అందుకుంది. "'నేనేమన్నా శవాన్నా, చుట్టూ తిరిగి ఫోటోలు తియ్యటానికి' అని కండువా దులుపుకుని పోలా? నేనక్కడే ఉన్నా."

"అందుకని నాన్నను కూర్చోబెట్టా," అంది సుప్రజ.

శవం మాట అన్నది నిజమే. కానీ పెళ్ళి పంక్తిలో అరిసె వద్దన్నవాణ్ణి ఇంకోసారి అడుగుతారు. ఆంజనేయులు ఆ రెండో పిలుపు కోసమే వీధి చివర దాకా నెమ్మదిగా నడిచాడు. ఎవరూ పిలవలేదు. ఆ కోపం ఇన్నాళ్ళూ తమ్ముడి ఖాతాలో పడి ఉంది.

"ఇప్పుడు తీస్తే పడతయ్యా?" అన్నాడు గోడకేసి చూస్తూ.

పెరట్లో నీడన స్టూలు వేశారు. సుప్రజ ఫోను పట్టుకుని ఆయన చుట్టూ గానుగెద్దులా తిరిగింది. "ఎదురుగా చూడు పెదనాన్నా. కదలమాక." రవి కుమార్ పక్కనే జామచెట్టుకు ఆనుకుని, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఆ చొక్కా మీద ఒక్క ముడత లేదు.

ఎనభయ్యో ఫోటో అయ్యాక గానీ ఆంజనేయులు నోరు తెరవలేదు. తెరిచాక ఆగలేదు. వెదురు బొంగు నిలబెట్టి, నాలుగు తాళ్ళు కట్టి, నలుగురి చేతికీ తలొకటి ఇచ్చాడు. లోపలి తాడు ఏరికోరి తమ్ముడికే ఇచ్చాడు.

"బిగించరా! ఇప్పుడు గాదు, మలుపుకు ముందే బిగించాల! ఆఫీసులో సంతకం అనుకున్నావా, రేపు రా అనటానికి?"

మంగళవారం సాయంత్రానికి సుప్రజ అందర్నీ మళ్ళీ కూర్చోబెట్టింది. ప్రభ మలుపు దగ్గరికొచ్చింది. కాస్త ఊగింది. బొమ్మ మనుషులు మోకులు బిగించి, వదిలారు. ప్రభ తిరిగి కొండదారి పట్టింది. నాగూర్ వలి ఈల వేశాడు.

మేస్త్రీ ఇప్పుడు ఆంజనేయులే. తీసేసిన రవి కుమార్ మొహం వృథా పోకుండా లోపలి మోకు పట్టిన బొమ్మ మనిషికి అతికించింది సుప్రజ.

"ఒక్కటే తేడా వచ్చింది పెదనాన్నా," అంది సుప్రజ, మేస్త్రీ మొహం పెద్దది చేసి చూపిస్తూ. మేస్త్రీ కళ్ళు ఎదురుగా లేవు. ఓరగా, చురుగ్గా, పక్కకే ఉన్నాయి. "ఎనభై ఫోటోల్లోనూ అట్టానే చూశావు. సరిచెయ్యనా? పది నిమిషాల పని."

జామచెట్టు ఎటు ఉందో అందరికీ గుర్తే. సరస్వతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కంప్యూటర్లో మేస్త్రీ చూపు తిన్నగా పోయి, లోపలి మోకు పట్టినవాడి మీద వాలింది.

"ఉండనియ్," అన్నాడు ఆంజనేయులు. "లోపలి మోకు పట్టినోడి మీద కన్నుండాల్సిందే. లేకపోతే ప్రభ నిలవదు."

"నేను పట్టుకున్నాక పడలేదుగా అన్నా," అన్నాడు రవి కుమార్.

"అందుకే గదరా చూస్తన్నా."