ప్లస్ ఎడమవైపు

మా షెడ్డులో ఒక నియమం ఉంది. బండికి ఎవరు పని చేస్తే వాళ్ళే దాన్ని రాళ్ళ వాలు మీదికి ఒకసారి ఎక్కించి దింపాలి. అదీ ఒంటరిగా కాదు, పక్క సీట్లో సొంత మనిషిని కూర్చోబెట్టుకుని. "మనవాళ్ళని ఎక్కించుకోలేని బండిని పరాయివాళ్ళకి ఎలా ఇస్తాం?" అంటాడు మా అన్న. నాకు పని నేర్పింది ఆయనే, కాబట్టి ఈ ఒక్కదానికి ఎదురు చెప్పను. మిగతా అన్నిటికీ చెప్తాను, నా నోరు అలాంటిది.

ఏడాదిగా ఆయన ట్రయల్‌కి వదిననే తీసుకెళ్తున్నాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, పెళ్ళాం పక్కన లేనిదే గేరు వెయ్యడు. "ఈ వయసులో కొత్త కాపురమా" అని ఎన్నిసార్లు ఆటపట్టించానో. వదిన నవ్వేది కాదు. ఆవిడ వంతు కూడా నేనే నవ్వేవాణ్ణి.

ఆ రోజు వదినకి జ్వరం. షెడ్డులో ఉన్నది నర్సమ్మ జీపు. కొండమీది ఇళ్ళకి టీకాలు తీసుకెళ్ళే బండి, పదకొండింటికి బయల్దేరాలి. పాత బ్యాటరీ చచ్చింది. కేబుళ్ళు చిలుము పట్టి, వంచితే లోపలి తీగలు పుటుక్కున విరుగుతున్నాయి. అన్న కొత్త కేబుళ్ళు కోసి, ఎర్రదాన్ని స్టార్టరుకి, నల్లదాన్ని ఛాసిస్‌కి బిగించాడు. తల పక్కకి తిప్పి, వేళ్ళతో తడుముకుంటూ, ఎప్పటిలాగే. అనుభవం అంటే అదీ అనుకునేవాణ్ణి. వదిన బదులు పక్క సీట్లో నా కూతురు అప్పటికే బెల్టు పెట్టుకుని కూర్చుంది.

"ఇదొక్కటి బిగిస్తే అయిపోతుంది పిల్లా, వెళ్దాం" అంటూ అన్న నల్ల కేబులు బ్యాటరీకి తాకించాడు.

టప్పుమని నిప్పులు లేచాయి. గుప్పున కాలిన వాసన. నేను చేతిలో పానా పారేసి, పరుగెత్తి కేబులు లాగేశాను. చూస్తే ఎర్రది మైనస్‌కి బిగించి ఉంది. మేము వాడే బ్యాటరీలన్నిటికీ ప్లస్ కుడివైపు. ఈ కొత్తదానికి ఎడమవైపు. పక్కనే వేలెడంత గుర్తు వేసి మరీ ఉంది. నా పైప్రాణాలు పైనే పోయాయి.

"పిల్లని లోపల పెట్టుకుని చేసే పనేనా ఇది? నిన్నగాక మొన్న చేరినవాడు కూడా ఇలా బిగించడు. కళ్ళు కనపడట్లేదా నీకు?"

ఆయన చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. "కనపడట్లేదురా" అన్నాడు.

ఇంకా తిట్టబోతున్నవాణ్ణి ఆయన కళ్ళలోకి చూశాను.

"కంటి నరం ఎండిపోయిందన్నారు డాక్టర్లు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడిదాంట్లో మసకమసగ్గా ఏదో. ఏడాదైంది."

"మరి ట్రయళ్ళు?"

"మీ వదిన చెప్పేది. రాయొస్తోంది, ఎడమకి తిప్పు, ఇక బ్రేకు తొక్కు, అని."

పక్కనున్న టైరు మీద కూలబడ్డాను. నేను ఇకిలిస్తుంటే ఆవిడ ఏడాదిపాటు ఆ వాలు మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగిందన్నమాట. ఇవాళ ఆ సీట్లో నా బిడ్డ. పన్నెండేళ్ళది.

"ఈ రోజు ఎవరు చెప్తారనుకున్నావు?"

"దానికి చూపు బాగుంటుంది కదా. అదే చెప్తుందిలే అనుకున్నా."

ఆయన చెంప పగలగొట్టాలనిపించింది. పుట్టి బుద్ధెరిగాక అన్న మీద నాకు అలా అనిపించడం అదే మొదటిసారి. పిల్లని దింపి ఇంటికి పంపాను. అదృష్టం బాగుండి పెద్ద ఫ్యూజు ఒక్కటే పోయింది. అది మార్చి, కేబుళ్ళు సరిగ్గా బిగించేసరికి నర్సమ్మ వచ్చింది.

"పెద్దాయన చేశారా? అయితే నిశ్చింత" అంది.

అవునందామని నోరు తెరిచాను. మాలో మేము ఎంతైనా తిట్టుకుంటాం గానీ ఇంటి గుట్టు బయటపెడతామా? అన్న పేరు పోతే ఈ షెడ్డు ఎవడిక్కావాలి?

"నేను తప్పు బిగించానమ్మా, తమ్ముడు సరిచేశాడు" అన్నాడు అన్న. "నాకు చూపు పోయింది. ఏడాదైంది."

ఆమె మొహంలో నవ్వు కాసేపు అలాగే ఉండి, తర్వాత పోయింది. "వానలకి ముందు నా బ్రేకులు ఎవరు చేశారు?"

"నేనే."

"ఆ బ్రేకులతోనే నెలలు నిండినావిడని కొండ దింపాను" అంది. పానా తీసి నా చేతిలో పెట్టింది. "చక్రాలు విప్పండి. నేను చూస్తుండగా విప్పండి."

విప్పాను. మూడు చక్రాలు బాగున్నాయి. నాలుగోదాంట్లో బ్రేకు షూని పట్టి ఉంచాల్సిన స్ప్రింగు లేదు. ఊడిపోవడం కాదు, అసలు పెట్టనే లేదు. నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

స్ప్రింగు పెట్టలేదని అన్నకి చెప్పాను. "రాసుకో" అన్నాడు.

ఏడాదిలో తన చెయ్యి పడిన బళ్ళన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాడు. పాలాయన జీపు, క్వారీ మేస్త్రీ జీపు, తేనె వ్యాపారి జీపు. ఏ నెలలో ఏం చేశాడో కూడా. ఆఖరిది, పదకొండోది, బడిపిల్లల బండి.

"దానికేం చేశావు?"

"బ్రేకులేరా."

నేను ఫోను తీసి ఆ డ్రైవరుకి కలిపాను. చాలాసేపు మోగాక ఎత్తాడు. బండి బడి గేటు దగ్గరే ఉందన్నాడు.

"కదిలించకు" అన్నాను. ఎందుకన్నాడు.

అన్న గాల్లోకి చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వు. పదకొండు మందికీ నేనే చెప్తాను."