తివాచీ అంచున రెండు పాదాలు

తమ ఏలూరు తివాచీల కొట్టు వెబ్‌సైట్‌లో, అడిగినవాటికి దానంతటదే జవాబిచ్చే చాట్‌ను ఏర్పాటు చేసింది మెహరే. ఫోటోలు ఎంత ముచ్చటగా ఉన్నా కొనేవాళ్లకు కొలత అంతుపట్టేది కాదు. ఆరడుగులని అంకె రాస్తే కళ్లకు కడుతుందా? అందుకే భర్త జాహిద్‌ను, అతనే నేసిన తివాచీ అంచున వట్టి కాళ్లతో నిలబెట్టి ఫోటో తీసింది. ‘ఎంత పెద్దది?’ అని ఎవరడిగినా చాట్ ఆ ఫోటో పంపేది. ఇక మారుప్రశ్న ఉండేది కాదు.

జాహిద్ పోయి ఏడాదైంది. ఆ ఫోటో తీసెయ్యడానికి మెహర్‌కు చేతులు రాలేదు. రోజుకు పదిసార్లు ఎవరో ఒకరు అడుగుతారు. కుడికాలి బొటనవేలి మీద కత్తెర గాటుతో సహా జాహిద్ వచ్చి నిలబడతాడు. అడిగేవాళ్లు తగ్గిన రోజున ఆమెకు పొద్దు గడవదు.

ఇవాళ గుండుగొలను నుంచి ఒకావిడ కొలత అడిగింది. ఫోటో వెళ్లింది. వెంటనే ఇంకో మాట వచ్చింది.

“ఏవండీ, ఆయన్ని కాస్త పక్కకి జరగమనండి. అంచు డిజైన్ కనబడ్డం లేదు.”

దానికి చాట్ దగ్గర జవాబు లేదు. మెహరే రాయాల్సి వచ్చింది. రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది.

“అంచు ఫోటో విడిగా పంపుతానండీ. ఆయన్ని అక్కడే ఉండనివ్వండి.”