పారబోసిన మందు

జూన్ పన్నెండు, గురువారం. ఆ మధ్యాహ్నం సుభాషిణి తిన్నది మిగిలిన వంకాయ కూర, గిన్నె అంచుకు అంటిన నువ్వుల పొడి. తెల్లన్నం, మజ్జిగ తప్ప ఇంకేమీ తినొద్దని ఆసుపత్రి కాగితం మీద రాసే ఉంది. కానీ ఇరవై రెండేళ్లుగా ఆమెకు భోజనమంటే గిన్నెలు కడిగే ముందు చేసే పని. చేయి దానంతటదే గిన్నెలోకి పోయింది.

మర్నాడు హనుమకొండ ఆసుపత్రిలో పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి సగంలోనే తీసేశారు. "లోపలంతా అట్లనే ఉన్నదమ్మా. నువ్వులు గూడ కనబడుతానయ్. ఏం దిన్నవు?" అని అడిగింది నర్సు. భర్త వీరభద్రం ఇంటికొచ్చేదాకా ఊరుకుని, వచ్చాక తల్లి కళావతమ్మ ముందర నవ్వాడు. "రెండు దినాలు నోరు కట్టుకోరాదు నీ కోడలుకు. అయినా నొప్పి లేదు, నసుగుడు లేదు, గీ పరీక్షలేందో."

సుభాషిణి తల వంచుకుంది. తిండిపోతు అనిపించుకోవడమే నయమనిపించింది. అసలు సంగతి అంతకంటే సిగ్గు. పేగు శుభ్రం కావడానికిచ్చిన మందు గ్లాసు తర్వాత గ్లాసు తాగాలి, తాగినకొద్దీ పరుగెత్తాలి. ఇంట్లో ఉన్న ఒక్క బాత్రూం తలుపు హాల్లోకే తెరుచుకుంటుంది. పరీక్ష ముందురోజు సాయంత్రం హాల్లో వీరభద్రం, అతని దోస్తులు ముగ్గురు క్రికెట్ చూస్తున్నారు. రెండుసార్లు వాళ్ల మధ్య నుంచే పోయింది. నల్లా మొత్తం తిప్పినా చప్పుడు దాగలేదు. రెండోసారి బయటికొస్తుంటే ఎవరో టీవీ సౌండు పెంచారు. దయతోనే పెంచి ఉంటారు. ఆ దయకే ఆమె ప్రాణం సగం పోయింది. మిగిలిన మందు వంటింటి సింకులో పారబోసి, మెలిపెడుతున్న కడుపును బిగబట్టుకుని, అందరికీ చాయ్ పెట్టింది.

కాజీపేట నుంచి తమ్ముడు హరికృష్ణ ఫోన్ చేశాడు. రైల్వే హెల్త్ చెకప్‌లో బయటపడితే నలభై ఏళ్లకే పేగులో గడ్డ కోయించుకున్నాడు. తోడబుట్టినవాళ్లంతా చూపించుకోవాలని డాక్టరు అతనికే చెప్పింది.

"నాక్కూడ ఏం నొప్పి లేకుండెనక్కా. అది చెప్పి రాదు. మల్ల డేటు తీసుకున్న. ఈసారన్న జర మంచిగ తాగు."

"తాగుతా తమ్మీ" అంది. అతనికీ నిజం చెప్పలేకపోయింది. చావుకంటే చప్పుడుకే ఎక్కువ భయపడ్డానని తలచుకుంటే తన మీద తనకే సిగ్గేసింది.

జూలైలో మళ్లీ ఆ సాయంత్రం వచ్చింది. సుభాషిణి మందు కలిపిన సీసాతో హాల్లో నిలబడింది.

"మీ దోస్తులను ఇయ్యాల రావద్దని చెప్పుండ్రి."

"నీ పరీక్షకు వాళ్లేం జేసిండ్రు?"

"ఆ దినం నువ్వులతోటి చెడలేదు. సగం మందు నేనే పారబోసిన. మీ అందరి ముందల నుంచి ఉరకలేక." సీసా మూత తిప్పింది. "ఈ రాత్రి బాత్రూం నాకు గావాలె. హాలు గూడ."

మూలన కుర్చీలోంచి కళావతమ్మ మోకాళ్లు పట్టుకుని లేచింది. కోడలి మొహం చూడలేదు. కొడుకు చేతిలోంచి రిమోట్ తీసుకుని, "లే బిడ్డా, లోపలి గదిల కూసుందాం" అంది.

సుభాషిణి మొదటి గ్లాసు పూర్తి చేసేసరికి, ముసలామె వీధి తలుపు మెల్లగా మూసి గడియ పెట్టింది. దోస్తులొచ్చే ఏడు గంటలు ఇంకా కాలేదు.