ఎడమచేతి తుపాకి

వెర్లిన్ హాగ్‌స్టాడ్ మా కొట్లో అడుగుపెడితే ముందు ధర అడుగుతాడు, ఆ తరువాతే బాగున్నావా అంటాడు. నాకేం కోపం లేదు. బడిలో నా వెనక బెంచీలో కూర్చున్న రోజుల్నించీ అంతే. పెన్సిలు అరువిస్తే, ఇచ్చేటప్పుడు ఎంత పొడుగుందో చూసి ఇచ్చేవాడు, తిరిగి తీసుకునేటప్పుడు మళ్ళీ చూసేవాడు.

మొంటానాలో మాదో చిన్న ఊరు. మా ఆయన పోయాక ఈ కొట్టు నేనే నడుపుతున్నాను. మేకులు, పశువులు నాకే ఉప్పుదిమ్మలు, వంటింటి సామాను, తుపాకులు, అన్నీ ఒకే కప్పు కింద. పొయ్యి పక్కన ఎప్పుడూ కాఫీ ఉంటుంది, దాని పక్కన ఎప్పుడూ ముసలి గుంథర్ ఉంటాడు. గుంథర్ ఏమీ కొనడు. కొనేవాళ్ళను చూసి నవ్వడమే ఆయన పని.

ఏప్రిల్ చివర్లో ఓ పొద్దున వెర్లిన్ వచ్చి తుపాకుల బీరువా ముందు నిలబడ్డాడు.

"చిన్న తుపాకి ఎంత? నేల ఉడుతల్ని కొట్టేది. పైన గురి చూసే స్కోపుతో కలిపి మూడొందల డాలర్లు. అది దాటితే ఒక్క సెంటు పెట్టను."

"నేనూ బాగానే ఉన్నాను వెర్లిన్," అన్నాను.

"ఏం డెల్ఫీన్, బాగున్నావా?" అన్నాడు అప్పుడు.

సంగతి నాకు తెలుసు. ఊరందరికీ తెలుసు. వెర్లిన్, ఆర్డిస్ దంపతులు తమ ఆవులకు చలికాలపు మేత కోసం లూసర్న్ గడ్డి పెంచేది థోరా నైబాకెన్ గారి పొలంలో, కౌలుకు. ఆ పొలం నిండా నేల ఉడుతలు. తవ్విన మట్టి కుప్పలకు తగిలి గడ్డి కోసే యంత్రం పళ్ళు విరుగుతున్నాయి, గుంతలో కాలు పడి థోరా గారి గుర్రం కుంటిదయింది. మందు పెడదామంటే ఆవిడ ఒప్పుకోదు. మందు తిన్న ఉడుతను తిని ఆవిడ కుక్క చచ్చిపోయింది. కాల్చాల్సిందే. జూన్ ఒకటి నాటికి ఉడుతలు తగ్గకపోతే కౌలు పక్క రైతుకిచ్చేస్తానని చెప్పేసింది. ఆ గడ్డి లేకపోతే హాగ్‌స్టాడ్ వాళ్ళు సగం మందను అమ్ముకోవాలి. వాళ్ళకున్నదే నలభై ఆవులు.

"మీ నాన్న తుపాకి ఏమైంది?"

"ట్వెంటీటూనా? అది యాభై గజాల దాకా బాగానే కొడుతుంది. ఉడుతలకీ ఆ సంగతి తెలిసిపోయింది. అరవై గజాల అవతల కూర్చుని నన్ను చూస్తున్నాయి."

నేను బీరువా తెరిచాను. పెద్ద తూటాల తుపాకి నాలుగొందల గజాలు కొడుతుంది గానీ, తూటా ధర వినగానే వెర్లిన్ తుపాకిని కాలే పెనంలా కిందపెట్టేశాడు. కొత్త ట్వెంటీటూ చవకే. కానీ దాని తూటా వంద గజాలకే కిందికి జారిపోతుంది, అతని కష్టం మళ్ళీ మొదటికొస్తుంది. అతనికి సరిపోయేది సెవెంటీన్ అనే రకం. గుండు చిన్నది, నూట యాభై గజాల దాకా దారం లాగినట్టు తిన్నగా పోతుంది, చప్పుడుకి పశువులు బెదరవు. గాలి ఎక్కువైతే పక్కకి తోస్తుంది, నిజమే. మా ఊళ్ళో గాలి ఎప్పుడు తక్కువగా ఉంది కనక.

"ఎంత?"

చెప్పాను. వెర్లిన్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. తరువాత అతని చూపు బీరువా చివర నిలబడున్న తుపాకి మీద పడింది. దాని చీటీ మీద ధర మూడుసార్లు కొట్టేసి ఉంది.

నా సిగ్గు కూడా చెప్పుకోవాలి. రెండేళ్ళ కిందట కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి సరుకు పత్రం నింపాను. ఓ గడిలో టిక్కు పెట్టాల్సింది పక్క గడిలో పెట్టాను. ఎడమచేతి వాళ్ళ తుపాకి వచ్చింది. ప్రతి తూటాకీ లాగాల్సిన బోల్టు పిడి ఎడమవైపు, కాలిన తూటా గుల్ల ఎగిరిపడేదీ ఎడమవైపే. ఇక గుంథర్‌కి పండగే. అద్దంలో చూసి కాల్చాలా, వెనక్కి నడుస్తూ వేటాడాలా అని రెండేళ్ళు నా ప్రాణం తీశాడు.

"ఇది సెవెంటీనే కదా," అన్నాడు వెర్లిన్.

"ఎడమచేతిది."

"ఎంత?"

"స్కోపుతో రెండు వందల డెబ్బై."

వెర్లిన్ ముఖం వెలిగిపోయింది. "ఆనించి కాల్చేటప్పుడు ఇదే మేలు తెలుసా? కుడిచెయ్యి ట్రిగ్గర్ మీద అలాగే ఉంటుంది, ఎడమచేత్తో బోల్టు లాగుతాను. తెలిసినవాళ్ళు కావాలనే ఇలాంటివి కొంటారు."

"మరి ఆ తెలిసినవాళ్ళు రెండేళ్ళుగా ఎక్కడ చచ్చారో," అన్నాడు గుంథర్.

నేను నోరు మూసుకున్నాను. మూసుకోవడమే కాదు, రెండు పెట్టెల తూటాలు ఊరికే ఇస్తానన్నాను. ఫారం నింపించి, ప్రభుత్వ తనిఖీకి ఫోన్ చేసి, అనుమతి రాగానే అతను మనసు మార్చుకునేలోపు తుపాకిని అట్టపెట్టెలో పెట్టి తాడు కట్టేశాను. ఆ రోజు నాకు మంచి నిద్ర పట్టింది. ఆ మాట దాచి ప్రయోజనం లేదు.

మూడు వారాల తరువాత శనివారంనాడు వెర్లిన్ ఆ పెట్టెతోనే వచ్చాడు. వెనక ఆర్డిస్. ఆర్డిస్ గురించి మా ఊళ్ళో రెండు హాస్యాలున్నాయి. మొదటిది, ఆవిడ రేకు డబ్బా తెరిస్తే ఎలుగుబంటి తెరిచినట్టుంటుంది. చర్చి భోజనాల్లో బీన్సు డబ్బాలు ఆవిడ చేతికివ్వరు. రెండోది, ఆవిడ తుపాకి పడితే ఎక్కువ క్షేమంగా ఉండేది ఆవిడ గురిపెట్టిన ఉడుతే. పెళ్ళయిన కొత్తలో వెర్లిన్ చెప్పిన మాటలివి. ఇరవై ఆరేళ్ళుగా ఊరంతా వాడుతోంది, నాతో సహా. ఆర్డిస్ కూడా నవ్వేది.

వెర్లిన్ తుపాకి బయటికి తీసి, బోల్టు తెరిచి, ఖాళీ అని చూపించి, బల్ల మీద పెట్టాడు. "వెనక్కి తీసుకో."

నా తల వెనక గోడ మీదున్న బోర్డు చూపించాను. అమ్మిన తుపాకి వెనక్కి తీసుకోము అని ఉంటుంది. మా ఆయన రాసింది.

"మనం ఒక బళ్ళో చదువుకున్నాం."

"అందుకే ఆ బోర్డు అక్కడుంది."

"ఇది చూడు," అంటూ చొక్కా చెయ్యి పైకి లాగాడు. మణికట్టు దగ్గర ఎర్రటి మచ్చలు మూడు. వేడి గుల్లలు ఎగిరొచ్చి చొక్కా చేతిలో దూరుతున్నాయట. కంగారులో బోల్టు కోసం చెయ్యి కుడివైపుకే పోతోందట, అక్కడ బోల్టు ఉండదాయె. "నేను తడుముకుంటుంటే ఆ ఉడుత నిలబడి చూస్తుంది డెల్ఫీన్. పొట్ట గోక్కుని, నింపాదిగా లోపలికి పోతుంది. ఇంకో రెండు వారాలే ఉంది. పొలం పోతుంది. నాకు వేరేది ఇవ్వు, నీకు పుణ్యముంటుంది."

చివరి మాట నవ్వుతూ అనలేదు. నాకు ఎడమచేతి తుపాకిని తాడు కట్టి పంపిన రోజు గుర్తొచ్చి కాస్త గుచ్చుకుంది.

ఈలోపు ఆర్డిస్ తన సామాను బల్ల మీద పెట్టడానికి చోటు కోసం తుపాకిని పక్కకు జరపబోయింది. చేతిలోకి తీసుకుని ఆగిపోయింది. ఎవరూ చెప్పకుండానే గోడవైపు తిరిగి ఎడమ భుజానికి ఆనించింది. చెంప వాల్చింది. ఎడమచేత్తో బోల్టు వేసి, తీసి, మళ్ళీ వేసింది.

"అందరూ పొయ్యి వెనక్కి రండి," అన్నాడు గుంథర్.

"ఆ గోడ గడియారం మా ఆయనది, జాగ్రత్త," అన్నాను నేను.

ఆర్డిస్ నవ్వలేదు. తుపాకి దించలేదు కూడా. "ఇలా ఉంటుందా?" అంది మెల్లగా. "మీ అందరికీ ఇలానే ఉంటుందా? చెయ్యి పెట్టిన చోటే అన్నీ ఉంటాయా?"

గుంథర్ కాఫీ కప్పు కింద పెట్టాడు, ఆర్డిస్ గోడవైపు చూస్తూనే చెప్పుకుపోయింది.

"పదకొండేళ్ళప్పుడు మా నాన్న తుపాకి ఇచ్చాడు. ఈ భుజానికి పెట్టుకుంటే లాగేసి ఆ భుజానికి పెట్టాడు. ఆ కన్నుతో నాకు గురి ఆనదు అంటే, సాకులు చెప్పకన్నాడు. నాలుగు కాల్చాను, నాలుగూ గురి తప్పాయి. అందరూ నవ్వారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు."

ఆవిడ ప్రతి శనివారం మా బల్ల దగ్గరే చీటీ మీద సంతకం పెడుతుంది. ఎడమచేత్తో. రాస్తూ పోతుంటే సిరా అరచేతి అంచుకి అంటుకుంటుంది, దాన్ని ప్యాంటుకి తుడుచుకుంటుంది. ఆ సిరా మరక నేను పాతికేళ్ళుగా చూస్తున్నాను. ఆ తుపాకి నా బీరువాలో రెండేళ్ళు ఆవిడకు నాలుగడుగుల దూరంలో నిలబడింది. ఆర్డిస్‌కి కాల్చడం రాదని అందరికీ తెలుసు కాబట్టి ఇంకేమీ తెలుసుకోవాలని నాకు తోచలేదు.

"ఇది వెనక్కివ్వద్దు వెర్లిన్," అంది.

"నీకు కాల్చడం రాదు కదా ఆర్డిస్."

"రాదు. నేర్చుకుంటాను."

మర్నాడు చర్చి అయ్యాక నేనూ వాళ్ళ కౌలు పొలానికి వెళ్ళాను. పుల్లటి రబర్బ్ కాడలు కూరిన తీపి రొట్టె ఇచ్చే వంక పెట్టుకున్నాను, అసలు సంగతి కుతూహలమే. ఆర్డిస్ పికప్ బండి బానెట్ మీద ఇసుక సంచీ పెట్టుకుని, వెనక గుట్ట ఉన్న వైపు ఉడుతలకి గురిపెట్టింది. మొదటి మూడు గురి తప్పాయి. వెర్లిన్ నోరు తెరవబోయాడు, నేను అతని చేతిలో ఆ రొట్టె ముక్క పెట్టాను. నాలుగోది తగిలింది. ఐదోది తగిలింది. ఆరోది తప్పింది. ఆ తరువాత తొమ్మిది వరసగా తగిలాయి. ఆఖరిది ఎంత దూరంలో ఉందంటే, వెర్లిన్ అడుగులు లెక్కేసుకుంటూ వెళ్ళి, నూట ముప్పై అని అక్కణ్ణుంచి అరిచాడు.

ఆర్డిస్ బోల్టు తెరిచి, తుపాకిని జాగ్రత్తగా సంచీ మీద పడుకోబెట్టి, ఏడ్చింది. నేను వీపు నిమిరాను.

"నాకు చేతకాదనుకున్నాను," అంది. "నలభై ఏళ్ళు నాకే చేతకాదనుకున్నాను."

నాకూ ఏడుపొచ్చింది. ఆవిడ మీద నేనేసిన హాస్యాలన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఒక్కదానికీ నవ్వు రాలేదు.

ఆ రెండు వారాలూ ఆర్డిస్ పొద్దున పాలు పితికాక రెండు గంటలు, సాయంత్రం పొద్దు వాలేదాకా పొలంలోనే ఉంది. దగ్గరవి వెర్లిన్ తన తండ్రి ట్వెంటీటూతో కొట్టేవాడు, దూరంలో ఉన్నవి ఆవిడవి. మధ్యలో తూటాలు అయిపోతే అతనే మా కొట్టుకి పరిగెత్తుకొచ్చేవాడు. తూటాల ధర అడిగేవాడు, మూలిగేవాడు, కొనేవాడు.

మే ఆఖరి సాయంత్రం థోరా గారు కర్ర పట్టుకుని పొలమంతా తిరిగి, ప్రతి గుంతనూ మట్టితో పూడ్పించింది. తెల్లారి మళ్ళీ తెరుచుకున్న గుంత ఉంటే కింద ఉడుత ఉన్నట్టు. ఆవిడ లెక్క అదే, ఆవిడ నాన్న లెక్కా అదే. కిందటేడు రెండొందలు దాటాయి. ఈసారి పొద్దున్నే వెళ్ళి చూస్తే పంతొమ్మిది.

"ఎవరు కాల్చారు?" అంది థోరా గారు.

"నేనండి," అంది ఆర్డిస్.

"నువ్వా? మీ నాన్న నా దగ్గర చెప్పేవాడే, మా అమ్మాయి పశువుల కొట్టానికి గురిపెట్టినా తగలదని."

"ఆయన పొరపాటు పడ్డాడండి."

థోరా గారు ఆవిడను కాసేపు తేరిపార చూసి, మూడేళ్ళకు కౌలు రాసిచ్చింది. సంతకం ఆర్డిస్‌నే పెట్టమంది. కాగితం మీద సిరా అలుక్కుపోయిందట, వెర్లిన్ చెప్పాడు. అది కూడా గర్వంగానే చెప్పాడు.

జూన్ మధ్యలో వెర్లిన్ ఒక్కడే వచ్చాడు. గుంథర్ కాచుకుని ఉన్నాడు. "ఏమయ్యా, మీ ఆవిడ నిన్ను తుపాకి మోసే పనిలో పెట్టుకుందట, జీతమెంత?" వెర్లిన్ తుపాకుల బీరువా వైపు కూడా చూడలేదు. వంటింటి సామాను వరసలోకి వెళ్ళి, ఎప్పుడూ లేనిది అక్కడే తచ్చాడుతూ, గుంథర్ కాఫీ పోసుకోవడానికి అటు తిరిగేదాకా ఆగి, నా దగ్గరికొచ్చాడు.

"డెల్ఫీన్, బాగున్నావా?"

నేను చేస్తున్న పని ఆపేశాను.

"డబ్బాలు తెరిచేది ఉంటుంది కదా," అన్నాడు గొంతు తగ్గించి. "అందులో కూడా ఎడమచేతి వాళ్ళకి వేరే ఉంటుందా?"

"ఉంటుంది. తెప్పించాలి."

"కత్తెర?"

"అదీ ఉంటుంది."

టోపీ తీసి చేతిలో తిప్పాడు. "ఇరవై ఆరేళ్ళు," అన్నాడు, "ఆ డబ్బాల మీద నవ్వాను నేను."

నేను సరుకు పత్రం తీసి, ఈసారి కళ్ళజోడు పెట్టుకుని, రెండు గడుల్లో టిక్కు పెట్టాను. వెర్లిన్ వంగి, సరైన గడిలోనే పెట్టానో లేదో చూసుకున్నాడు. తరువాత టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ధర అడగలేదు.