బొంతల్లో ట్రంపెట్

పొద్దున్నే బీరువా తలుపు తీసి, మడిచిన బొంతల మధ్యకి ట్రంపెట్ నోరు దూర్చి, పరుశురాం పెదవి బిగించి ఊదాడు. పై స్వరం సగం దాకా వచ్చి తుస్సుమంది. వెంటనే ట్రంపెట్ దించి చెవులు రిక్కించాడు. కింది ఫ్లాటులో ఎవరూ తలుపు తీయలేదు.

"జర మెల్లగ," అంది వంటింట్లోంచి భార్య భాగ్య. "కింద పెద్దాయనకు పానం బాగలేదు."

"ఇంతకన్న మెల్లగ ఊదితే అది ట్రంపెట్ కాదే, ఉత్త ఊపిరి."

ఇరవై రెండేళ్ళుగా పెళ్ళి బ్యాండులో ముందు వరస అతనిదే. మామూలు రోజుల్లో యూనివర్సిటీలో అటెండరు, ముహూర్తాల రోజుల్లో ఎర్రకోటు దొర. పోయిన నెల హబ్సిగూడలో బండి జారి పై పళ్ళు నాలుగు ఊడాయి. కట్టుడు పళ్ళు వచ్చాయి గానీ పెదవికి పాత పట్టు రాలేదు. రేపు పొద్దున బౌద్ధనగర్‌లో బ్యాండు మాస్టర్ రాంచందర్ వింటానన్నాడు. పై స్వరం పలికితే సరి, లేకపోతే చేతికి కంచు తాళాలిచ్చి వెనక నిలబెడతాడు. 

క్యాంపస్‌లో కావలసినంత చోటుంది, అక్కడికెళ్ళి ఊదుకోవచ్చుగా అని మీరనవచ్చు. వెళ్ళాడు. డిపార్ట్‌మెంట్ వెనక రెండుసార్లు ఊదగానే కట్టుడు పళ్ళు జారి గడ్డిలో పడ్డాయి. దారినపోయే అమ్మాయిలు నవ్వాపుకోలేకపోయారు. పాపం, వెతికిచ్చింది కూడా వాళ్ళే. మళ్ళీ అటు వెళితే ఒట్టు.

ఆ రోజంతా ఫైళ్ళు మోస్తూనే పెదవులు బిగించి వదులుతూ గడిపాడు. సంతకానికి ఖాళీ కాగితం తీసుకెళ్ళి మేడమ్ చేత చీవాట్లు తిన్నాడు. సాయంత్రం తార్నాకలో బస్సు దిగి, మెట్లు రెండేసి ఎక్కి, ఆరయ్యేసరికి బీరువా ముందు నిలబడ్డాడు.

నాలుగోసారి, ఏమైందో, పెదవి కుదిరింది. స్వరం లేచింది. నిజంగా వచ్చిందా అన్న అనుమానంతో ట్రంపెట్‌ని బొంతల్లోంచి లాగి మళ్ళీ ఊదాడు. ఇల్లంతా మోగిపోయింది. ఒక్క క్షణం పట్టరాని సంతోషం. మరుక్షణం కింది పెద్దాయన గుర్తొచ్చి ట్రంపెట్ దించేశాడు.

బెల్లు మోగింది. గుమ్మంలో కింది ఫ్లాటు కమలాదేవి.

"తప్పయిందమ్మా! గింత గట్టిగ వస్తదనుకోలే..."

"పర్లేదు బాబూ. ఇక మెల్లగా వాయించక్కర్లేదు," అందామె. "నాలుగింటికి ఆయన వెళ్ళిపోయారు. నిద్రలోనే. అమ్మాయి విజయవాడ నుంచి బయల్దేరింది. కాస్త వచ్చి మంచం జరుపుతారా? ఒక్కదాన్నే ఉన్నాను."

పరుశురాం ట్రంపెట్‌ని బొంతల మీద పెట్టేశాడు. భాగ్యని వెంటబెట్టుకుని కిందికి వెళ్ళాడు. పెద్దాయన పేరయ్యగారు మామూలుగా కునుకు తీస్తున్నట్టే ఉన్నారు. భార్యాభర్తలిద్దరూ మెల్లగా మంచం జరిపారు.

"నేను ఊదేది రోజు మీకు వినబడ్తుండెనా అమ్మా?"

"వినపడకేం! ఈయనేమో చిన్న చప్పుడుకే ఉలిక్కిపడేవారు. మీరు మొదలెట్టే ముందే చెవుల్లో దూది పెట్టేసేదాన్ని."

"మరి ఒక్కనాడన్న చెప్పకపోతిరి?"

"చెబుతాననే అన్నాను. ఆయనే వద్దన్నారు. మీ మాస్టర్ వింటారటగా, భాగ్య చెప్పింది. అందాకా ఊదుకోనివ్వమన్నారు."

మంచం పక్క స్టూలు మీద, మందుసీసాల మధ్య, ఆ సాయంత్రానికని చేసిపెట్టిన రెండు దూది ఉండలు అలాగే ఉన్నాయి.