ముదురు పచ్చ

తన నోరు పెగలక పిన్ని ఆవు చచ్చిపోతుందేమోనన్నదే చంటిదాని తల్లికి అన్నిటికంటే పెద్ద భయం. ఆ భయంతోనే పశువుల పాక గుమ్మంలో కొయ్యబారి నిలబడింది. చంకలో చంటిది కొంగు నములుతోంది.

పిన్నంటే సొంత పిన్ని కాదు, పక్కింటావిడ. ఒంటరి మనిషి. ఆమెకున్నది ఒక్క ఆవు, ఎవరినీ దగ్గరకు రానివ్వని దాని టెక్కు చూసి దొరసాని అని పిలుచుకుంటుంది. చంటిదాని తల్లి పెరట్లోని ఏనుగు గడ్డి దొరసానికి, దొరసాని పాలు చంటిదానికి. ఇద్దరి మధ్యా లెక్కాపత్రం లేని ఒప్పందం.

చినుకు లేక గడ్డి పసుపు తిరిగింది. గడ్డి లేదంటే పిన్ని పాలు పొయ్యడం మానేస్తుందని చంటిదాని తల్లికి గుబులు పుట్టింది. యూరియా తెచ్చి చేటతో చల్లింది. గడ్డి రంగు మారకపోయేసరికి మనసు ఆగక ఇంకో చేట చల్లింది. ఎరువు వేస్తే మొక్క ఏపుగా ఎదుగుతుందన్న పాఠం దాకా బడికెళ్లింది కానీ, ఎక్కువైతే ఏమవుతుందో చెప్పేలోపే బడి మానిపించారు.

ఆ తర్వాత ముసురు పట్టింది. మబ్బుల కిందే గడ్డి జివ్వున లేచింది. నలుపు తిరిగిన ముదురు పచ్చ! ఎరువు వేశాక గడ్డిని కొన్నాళ్లు ఆగి కోయాలని ఎరువుల కొట్టాయన చెప్పిన మాట కొడవలి పట్టినప్పుడు గుర్తొచ్చింది కూడా. "ఇంత నిగనిగలాడుతుంటే ఆగడమేంటి!" అనుకుని కోసేసింది.

ఇప్పుడు దొరసాని కాళ్లు తడబడి కూలబడిపోయింది. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. పైగా చూడితో ఉంది.

"పొద్దున ఏం పెట్టారమ్మా?" పశువుల డాక్టరు అడిగాడు.

"విషం పెడతానా బాబూ! మా పిల్ల కోసుకొచ్చిన పచ్చిగడ్డే. చేతులు గీరుకుపోతున్నా రోజూ తెస్తుంది పాపం, బంగారు తల్లి," అంది పిన్ని.

ఆ బంగారు తల్లికి భూమి చీలితే బాగుండుననిపించింది.

"పాము కాటేమో," అంటూ డాక్టరు ఆవు కాళ్లు తడిమి చూస్తున్నాడు. పిన్ని దాని గంగడోలు నిమురుతూ, "లేవే నా తల్లీ, పెయ్యదూడ పుడితే చంటిదానికిస్తానని మాటిచ్చానే," అని బతిమాలుతోంది.

ఆ మాట వినేసరికి చంటిదాని తల్లి గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"పాము కాదు డాక్టరుగారూ. నేనే. గడ్డికి యూరియా వేశాను. వేసిందే చాలక మళ్లీ వేశాను. ఆగకుండా కోసేశాను."

డాక్టరు గబగబా ఆవు పెదవి ఎత్తి చూశాడు. చిగుళ్లు మట్టిరంగులో ఉన్నాయి. సూది గుచ్చి తీసిన నెత్తురు ఎర్రగా లేదు, కాఫీ డికాక్షన్‌లా ఉంది. "ముందే చెప్పొద్దూ! ఎరువెక్కువై మబ్బు పడితే ఆ గడ్డే విషమవుతుంది!" అని కసిరి, సంచిలోంచి నీలిరంగు మందు తీసి మెడనరానికి ఎక్కించాడు. "ఆ గడ్డి ఇంకొక్క పరక కూడా ముట్టనివ్వకండి. నేను చెప్పేదాకా పాలు ఎవరూ తాగొద్దు."

పొద్దు వాలేసరికి దొరసాని లేచి నిలబడింది. కడుపులో దూడ మాత్రం దక్కలేదు. పెయ్యే.

చంటిదాని తల్లి పిన్ని కాళ్ల దగ్గర కూర్చుంది. "తిట్టు పిన్నీ. కొట్టు పోనీ."

పిన్ని తిట్టలేదు. "గడ్డి లేదని ఒక్క మాటంటే ఎండుమేత వేసుకునేదాన్ని కదే. గడ్డి లేకపోతే నీ పిల్లకు పాలు పొయ్యననుకున్నావా?" అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

అప్పటినుంచీ ఆ తలుపు పాకలో పనికి తప్ప తెరుచుకోలేదు. పొయ్యి వెలిగిన జాడ లేదు. చంటిదాని తల్లి గిన్నెలో అన్నం పెట్టుకుని గుమ్మం దాకా వెళ్తుంది, తట్టబోయిన చెయ్యి వెనక్కి లాక్కుని వచ్చేస్తుంది. చంటిదేమో ఆ తలుపు వైపే చేతులు చాస్తుంది.

మీరెవరైనా అటుగా వెళ్తే, ఆవును చూసే వంకతోనైనా సరే, ఒక్కసారి ఆ తలుపు తట్టండి. పిన్ని ఇంత తిన్నదో లేదో కనుక్కోండి.