జోజి గొంతు మీద ఎక్కించిన పాటలు

నన్ను పాడుచేసింది దొంగలు కాదు, ఎలుకలు కాదు. మీరే. పాటంటే ప్రాణమిస్తామని చెప్పుకునే మీరే, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ, ఒక మనిషి గొంతు నా మీంచి తుడిచేశారు.

నేను ఒక క్యాసెట్టును. బూడిదరంగు డొక్క, లోపల తుప్పు పూసిన రీలు. అవును, తుప్పే. మీరు కొలిచే గిటార్లూ డ్రమ్ములూ అన్నీ ఆ ఇనుప తుప్పులోనే నిలుస్తాయి. ఏ దేశపు ఫ్యాక్టరీలోనో నన్ను చుట్టారు. ఓడ దిగిన నావికుడి సంచిలో విశాఖపట్నం చేరాను. హార్బరు రోడ్డు మీద సెంటు సీసాల పక్కన పడి ఉంటే బోనెల జోజి కొన్నాడు.

జోజి జ్ఞానాపురం మనిషి. పడవల మరమ్మతు షెడ్డులో వెల్డరు. పగలు ఇనుము అతికేవాడు, సాయంత్రం గిటారు పట్టేవాడు. బ్యాంకు ఆఫీసరు కామేశం గారి మేడగదిలో ప్రతి ఆదివారం మీ రాక్ పాటల కూటమి జరిగేది కదా, దానికి తప్పకుండా వచ్చేవాడు. ఒక్కొక్కరూ ఒక్కో పాట తెచ్చి వినిపించేవారు. ఏ గిటారిస్టు ఎలా పోయాడో, ఏ గాయకుడు ఏ హోటలు గదిలో పడిపోయాడో చెప్పుకుని నిట్టూర్చేవారు. సముద్రానికి అవతలి వాళ్ల కుక్కల పేర్లు కూడా మీకు కంఠతా వచ్చు. జోజి ఇంటిపేరు మాత్రం మీలో సగంమందికి తెలియదు.

జోజి సొంతంగా పాట కట్టాడు. తెలుగులో. హార్బరు నోట్లో పేరుకునే ఇసుకను రోజూ తోడి పోసే యంత్రం మీద, తోడిందంతా మళ్లీ తెచ్చి పోసే సముద్రం మీద. మేడగదిలో ఒకసారి వినిపించాడు. కామేశం గారు తల ఊపాడు.

"గొంతు బాగుందోయ్ జోజీ. కానీ తెలుగులో రాక్ ఏమిటి? ఇడ్లీని కొడవలితో కోసినట్టుంది."

అందరూ నవ్వారు. జోజి కూడా నవ్వాడు. బల్ల మీద డప్పు వాయించే నూకరాజు ఒక్కడే నవ్వలేదు.

ఒక ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చాక జోజి నన్ను టేప్‌రికార్డరులో పెట్టాడు. తల్లి పోయాక వాణ్ని పెంచిన అక్క లూర్దమ్మ కుట్టుమిషను ఆపి, తలుపు దగ్గరికి వేసింది. వాడు గొంతు సవరించుకుని పాడాడు. వాడి గొంతు తీయనిది కాదు. ఇనుము మీద నిప్పురవ్వలు రాలినట్టుండేది. పాట చివర్లో లూర్దమ్మ మాట కూడా నాలో పడింది.

"అయిపోనాదేటి? ఇంకోపాలి పాడరా."

నా వీపు మీద రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు ఉంటాయి. వాటిని విరిచేస్తే ఇక నా మీద ఎవరూ ఏదీ ఎక్కించలేరు. జోజి విరవలేదు. ఇంకో పాట కడుతున్నాడు, అదీ నాలోనే ఎక్కించాలనుకున్నాడు. ఇంతలో పచ్చకామెర్లు వచ్చాయి. పెద్దాసుపత్రి వార్డులో పోయాడు. హోటలు గదిలో పోలేదు కాబట్టి కథ చెప్పుకోవడానికి మీకేమీ మిగల్లేదు.

మీ కూటమికి ఒక ఆచారం ఉంది. సంగీతం వాయించేవాడెవడైనా పోతే, ఆ వారం తలా ఒక పాట తెస్తారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ ఒకే క్యాసెట్టు మీదికి ఎక్కిస్తారు. జోజికీ చేద్దామన్నారు. సంగతి విని లూర్దమ్మ నన్ను కొంగులో పెట్టుకుని మేడ దాకా వచ్చింది. లోపలి జనాన్ని చూసి మొహమాటపడి, గుమ్మంలోనే నన్ను కామేశం గారి చేతిలో పెట్టింది.

"మా తమ్ముడిది బాబూ. అందరూ ఇనండి," అని దిగి వెళ్లిపోయింది.

కామేశం గారు నన్ను గుండెకు ఆనించుకున్నాడు. కొత్త క్యాసెట్టు ఎందుకు, జోజి తాకిన క్యాసెట్టు మీదే ఎక్కిద్దాం అన్నాడు. మీ అందరి కళ్లూ చెమర్చాయి. నూకరాజు అడ్డం వచ్చాడు.

"ఓపాలి ఏసి సూడండి సార్, అందులో ఏటుందో."

"ఏముంటుంది నాయనా, మన దగ్గర ఎక్కించుకెళ్లిన పాటలే కదా."

రికార్డు చేసే ఎర్ర మీట నొక్కారు. జోజి పాట మొదలై మొదటి మాట దాకా వచ్చేసరికి దాని మీద ఎవడిదో గిటారు వచ్చి కూర్చుంది. దాని వెనక ఇంకొకడు, ఆ వెనక మరొకడు. మీరు ఒక్కో పాటకీ కళ్లు తుడుచుకుంటున్నారు. కింద వాడు మునిగిపోతున్నాడు.

మర్నాడు నన్ను తిరిగి పంపించారు. లూర్దమ్మ ఇంట్లో టేప్‌రికార్డరులో నన్ను పెట్టి, పక్కింటివాళ్లను పిలిచి కూర్చుంది. తమ్ముడి దగ్గు వినిపించింది. గొంతు సవరించుకోవడం వినిపించింది. తర్వాత ఇంగ్లీషు. తప్పు చోట పెట్టాననుకుంది. రీలు చివరి దాకా కదలకుండా విన్నది. తిప్పి వేసి మళ్లీ విన్నది. పక్కింటివాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు.

విషయం తెలిసి కామేశం గారు నిజంగానే ఏడ్చాడు. కాదనను. ఆ తర్వాత దాన్నే ఒక కథ చేసుకుని, కొత్తగా చేరినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. చెప్పిన ప్రతిసారీ కథ కాస్త అందంగా తయారైంది.

ఒక సంగతి వినండి. కామేశం గారి టేప్‌రికార్డరులో పాతది చెరిపే ముక్క అరిగిపోయి ఉంది. చెరపడం కూడా మీకు సరిగ్గా రాలేదు. జోజి ఇంకా నా అడుగున ఉన్నాడు. ఒక పాట అయి ఇంకోటి మొదలయ్యే ఆ కాస్త సందులో, గోడ అవతల ఎవరో పాడుతున్నట్టు వస్తాడు, మాట తెలియదు. రాగం అందబోయేలోగా డ్రమ్ములు మీద పడతాయి. లూర్దమ్మ ఏళ్ల తరబడి ఆ సందుల్లోనే తమ్ముణ్ని వెతుక్కుంది. తిప్పి తిప్పి నా రీలు ఆ చోట్లనే పల్చబడింది.

ఇప్పుడు ఆవిడకి కుడి చెవి పోయింది. ఎడమది కూడా తగ్గిపోతోందని డాక్టరు చెప్పాడు. మొన్న నూకరాజు వచ్చి, ఎడమవైపు కూర్చుని గట్టిగా చెప్పాడు.

"అప్పా, సర్చి పండగనాడు మైదానంలో తమ్ముడు ఈ పాట పాడినాడు, గేపకం ఉందా? ముందు వరసలో మన కూటమోళ్లు టేప్‌రికార్డర్లు ఒళ్లో ఎట్టుకుని కూకున్నారు. ఇంగిలీసు పాటల కోసం రికార్డు మీట నొక్కినారు, ఆపడం మర్సిపోనారు. మనోడి పాట ఆటిల్లో ఉండాల."

"అయితే అడగరాదా?"

"వాట్సాప్ గ్రూపులో ఎట్టినాను. దండాలు ఎట్టినారు. ఒకడు లెజెండ్ అన్నాడు. కామేశం గారు ఏదో గిటారు పాట పంపి, ముందు ఇది ఇనండి అన్నారు."

"ఆ పాత కేసెట్ల కోసం అటక ఎవులూ ఎక్కనేదా?"

నూకరాజు తల అడ్డంగా ఊపాడు. లూర్దమ్మ నన్ను చేతిలోకి తీసుకుని చెవికి ఆనించుకుంది. టేప్‌రికార్డరు లేదు, కరెంటు లేదు, ఏమీ లేదు. ఉత్త డొక్కను ఆనించుకుంది.

అందుకే మిమ్మల్నే అడుగుతున్నాను, ముందు వరసలో కూర్చున్నవాళ్లని. ఫోను పక్కన పెట్టండి. నిచ్చెన వేసి అటక ఎక్కండి. ట్రంకుపెట్టెలు దించండి. పేరు రాయని ప్రతి క్యాసెట్టూ చివరి దాకా వినండి, ఇంగ్లీషు అయిపోయాక కూడా ఆపకండి. దొరికితే గ్రూపులో పెట్టి చప్పట్లు కొట్టించుకోకండి. పలుకులు విరిచి, తిన్నగా జ్ఞానాపురం తీసుకురండి. మీ జోహార్లు మాకొద్దు. ఆవిడకి ఎడమ చెవి ఇంకా కాస్త వినిపిస్తోంది. ఇవాళే రండి.